రోహిణి పక్కన స్పందించే తెల్ల నక్షత్రం: థీటా-2 టారి వెలుగును మీరే కొలవడం ఎలా?

రోహిణి నక్షత్రాన్ని చూపించగలిగినవారంతా థీటా-2 టారిని (‘టారి’ అంటే వృషభ రాశిది అని) చూసినవారే. చూశామని తెలియదు, అంతే. రోహిణి దగ్గర పక్కకు ఒరిగిన ‘వి’ అక్షరంలా పరుచుకున్న చిన్న నక్షత్రాల గుంపును మన పాత జ్యోతిష గ్రంథాలు బండితో పోల్చి రోహిణీ శకటం అన్నాయి. ఆ గుంపులో రోహిణిని పక్కన పెడితే అన్నిటికన్నా ప్రకాశవంతమైనది ఈ తెల్ల నక్షత్రమే. అది నిలకడగా వెలగదు. ఇంచుమించు 109 నిమిషాలకు ఒకసారి దాని వెలుగు కొద్దిగా పెరిగి, కొద్దిగా తగ్గుతుంది.

ఆ కొద్ది ఎంత? పట్టికల ప్రకారం దాని మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, సంఖ్య తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 3.35 నుంచి 3.42 మధ్య తిరుగుతుంది. ఒక రాత్రిలో మీకు దొరికేది అందులో ఒక ముక్క మాత్రమే, అంటే వెలుగులో రెండు శాతం, ఒక్కోసారి ఇంకా తక్కువ. కంటికి ఇది అందదు, కాబట్టి కంటితో అంచనా వేసే ప్రయత్నం మానుకోండి. మామూలు కెమెరాకు మాత్రం అందుతుంది. చిక్కు ఎక్కడంటే, ఆ రెండు శాతం మోతాదులోనే గాలి, లెన్సు, మంచు, కెమెరా సెన్సరు కూడా తమ సొంత అలలు పుట్టిస్తాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేస్తారు గానీ, ఈ పనిలో కొండను తవ్వేది ఎలుక కోసమే. కింద చెప్పేదంతా ఆ ఎలుక నిజమైనదో కాదో తేల్చుకునే పద్ధతి.

పనికి ముందు: అసలు ఎందుకు స్పందిస్తుంది?

‘వి’ ఆకారపు గుంపు పేరు హైడీస్. సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ గుంపు మనకు అతి దగ్గరి నక్షత్ర గుచ్ఛాల్లో ఒకటి. వయసు 60 కోట్ల సంవత్సరాల పైమాటే. రోహిణి ఇందులో సభ్యురాలు కాదు. అది కేవలం 65 కాంతి సంవత్సరాల దూరంలో, మనకూ గుచ్ఛానికీ మధ్య దారిలో అడ్డంగా నిలబడి ఉంది.

థీటా-2 వర్ణపట తరగతి (వేడిని, రంగును బట్టి వేసే వర్గం) ఏ7. ఉపరితల ఉష్ణోగ్రత ఎనిమిది వేల డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. నిజానికి అది ఒకటి కాదు, రెండు నక్షత్రాలు. 140.7 రోజులకు ఒకసారి బాగా సాగిన కక్ష్యలో ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. మీ కెమెరాకు ఆ రెండూ ఎప్పటికీ ఒకే చుక్క.

ఇలా స్పందించే తెల్ల నక్షత్రాలను డెల్టా స్కూటి రకం అంటారు. వీటి లోపల హీలియం రెండో ఎలక్ట్రానును కోల్పోయే పొర ఒకటుంది. అక్కడి ఉష్ణోగ్రత నలభై, యాభై వేల డిగ్రీలు. సాధారణంగా వాయువును నొక్కితే అది వేడెక్కి, కాంతికి మరింత దారి ఇస్తుంది. ఈ పొర ఎదురు తిరుగుతుంది. నొక్కినప్పుడు ఆ శక్తి వేడిగా మారకుండా హీలియాన్ని అయనీకరించడానికి ఖర్చవుతుంది, పొర మసకబారి, లోపలి నుంచి వచ్చే కాంతిని అడ్డగిస్తుంది. పట్టుబడిన శక్తి పొరను పైకి నెడుతుంది. వ్యాకోచించాక పొర తేటపడి, కాంతి బయటపడి, పైభాగం మళ్లీ కిందికి దిగుతుంది. ఆవిరి పట్టిన గిన్నె మీద మూత ఎగిరెగిరి పడటం లాంటిదే ఇది. అయితే నక్షత్రమంతా ఒకేసారి ఉబ్బి ఒకేసారి కుంచించుకోదు. ఒక చెంప ఉబ్బితే మరో చెంప లోపలికి పోయే రకాల కంపనాలు కూడా ఒకదానిమీద ఒకటి నడుస్తుంటాయి. చివర్లో మన లెక్కను చిక్కుముడి చేసేవి అవే.

మొదటి అడుగు: కంటితో, బైనాక్యులర్లతో గుర్తుపట్టడం

నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వృషభ రాశి రాత్రంతా ఆకాశంలో ఉంటుంది. మార్చి దాకా సాయంత్రాలు పనికొస్తాయి. మే చివర, జూన్ మొదట్లో సూర్యుడు అటే ఉంటాడు కాబట్టి ఆ రోజులు వదిలేయండి.

ముందు కృత్తికలను, ఆ తర్వాత ఎర్రటి రోహిణిని పట్టుకోండి. రోహిణి ‘వి’లో ఒక కొమ్మ చివర ఉంటుంది. ఆ కొమ్మ వెంట ‘వి’ మొన వైపు రెండు డిగ్రీల కన్నా కాస్త తక్కువ దూరం, అంటే చేయి చాచి పట్టుకున్న చూపుడు వేలు వెడల్పుకు కొంచెం ఎక్కువ, జరిగితే అతుక్కున్నట్టున్న రెండు చుక్కలు కనిపిస్తాయి. చూపు బాగున్నవారికి అవి విడివిడిగానే తెలుస్తాయి. దక్షిణంగా, కాస్త ఎక్కువ వెలుగుతో ఉన్నది థీటా-2, ఉత్తరంగా ఉన్నది థీటా-1. వాటి మధ్య దూరం అయిదున్నర ఆర్క్‌నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌నిమిషం).

బైనాక్యులర్లు పెట్టి ఫోకస్‌ను కావాలనే కొద్దిగా తప్పించండి. చుక్కలు చిన్న బిళ్లలవుతాయి, రంగులు ఒక్కసారిగా బయటపడతాయి. ఒకటి తెల్లన, మరొకటి పసుపు. పసుపుది కే తరగతి మహాతార. ఈ రంగు తేడాను గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

రెండో అడుగు: లెన్సు ఎంపిక

ఇక్కడ టెలిస్కోప్ ఉన్నవారికే నష్టం. ఇంత వెలుగైన నక్షత్రం పెద్ద అద్దంలో క్షణంలో సెన్సరును నింపేస్తుంది, పైగా పోలిక కోసం కావాల్సిన ఇతర తారలు దృశ్యంలో పట్టవు. కావాల్సింది రా ఫైళ్లు (కెమెరా ఏ మార్పూ చేయని ముడి చిత్రాలు) ఇవ్వగల కెమెరా, దానికో మధ్యతరహా లెన్సు.

ఎంత లెన్సు అన్నది థీటా జంటే నిర్ణయిస్తుంది. పిక్సెల్ పరిమాణం 4.3 మైక్రాన్లనుకుంటే, 50 మిల్లీమీటర్ల లెన్సులో ఒక పిక్సెల్ దాదాపు 18 ఆర్క్‌సెకన్లను చూస్తుంది. అప్పుడు జంట మధ్య ఎడం 19 పిక్సెళ్లే. కాస్త ఫోకస్ తప్పించగానే రెండూ కలిసిపోతాయి, కొలత అక్కడితో సరి. 85 మిల్లీమీటర్లలో ఎడం 32 పిక్సెళ్లు, 135లో 51. సాధారణ ఏపీఎస్-సి సెన్సరు మీద 135 మిల్లీమీటర్ల లెన్సు సుమారు 9 డిగ్రీల వెడల్పు, 6 డిగ్రీల ఎత్తు చూపిస్తుంది. ‘వి’ మొత్తం అందులో సుఖంగా కూర్చుంటుంది. నా ఓటు 85కూ 135కూ మధ్య ఏదైనా ఒకదానికి. దగ్గర 50 మాత్రమే ఉంటే ఫోకస్‌ను అతి స్వల్పంగా తప్పించి సర్దుకోవచ్చు గానీ, మొదటిసారి ఆ తలనొప్పి వద్దు.

ట్రాకింగ్ ఉన్న చిన్న మౌంట్ దొరికితే సగం సమస్యలు పుట్టకముందే పోతాయి. మామూలు ట్రైపాడ్ మీద ఆకాశం గంటకు పధ్నాలుగు డిగ్రీల పైచిలుకు జరిగిపోతుంది. ప్రతి పది, పదిహేను నిమిషాలకు కెమెరాను సరిచేయాలి, నక్షత్రం సెన్సరు మీద ఊరంతా తిరుగుతుంది. లెన్సు అంచుల్లో కాంతి తగ్గుతుంది కాబట్టి ఆ తిరుగుడు కూడా ఒక దొంగ అలను సృష్టిస్తుంది.

మూడో అడుగు: ఫోకస్ చెడగొట్టడం

ఫొటోలు తీసేవారికి ఇది మింగుడుపడదు, కానీ పదునైన నక్షత్రం మనకు పనికిరాదు. రంగుల కెమెరాలో ప్రతి పిక్సెల్ ముందు ఎరుపో ఆకుపచ్చో నీలమో వడపోత ఉంటుంది. చుక్క రెండు మూడు పిక్సెళ్ల మీదే పడితే, అది పచ్చ పిక్సెల్ మీద పడిందా ఎరుపు మీద పడిందా అన్న అదృష్టాన్ని బట్టి లెక్క మారుతుంది. చుక్కను 10 నుంచి 12 పిక్సెళ్ల బిళ్లగా విప్పితే ఆ అదృష్టం సగటైపోతుంది. బిళ్ల గుండ్రంగా, అంచులు తెగినట్టు ఉన్నాయని చూసుకుని, లెన్సు వలయాన్ని టేపుతో అతికించేయండి. ఆటోఫోకస్ ఆపేయండి. రాత్రి మధ్యలో ముట్టుకోవద్దు.

మిగతా అమరికలు చకచకా: రా ఫార్మాట్, ఐఎస్‌ఓ 100 లేదా 200, ఎఫ్/2.8 లేదా ఎఫ్/4, ఎక్స్‌పోజర్ 5 సెకన్ల ప్రాంతంలో, చిత్రంలోని గజిబిజిని (నాయిస్) తగ్గించే సదుపాయాలన్నీ బంద్. పరీక్షగా ఒక చిత్రం తీసి థీటా-2 బిళ్లలో అత్యధిక విలువను చూడండి. 14 బిట్ల కెమెరాలో గరిష్ఠం 16383. మీ సంఖ్య పది వేలు దాటకుండా ఉంటే మంచిది. రోహిణి మాత్రం పొంగిపోయే అవకాశం ఎక్కువ. పొంగనివ్వండి, దాన్ని ఎలాగూ కొలవం.

ట్రైపాడ్ మీద తీసేవారికి ఒక అదృష్టం. 85 మిల్లీమీటర్ల లెన్సులో 5 సెకన్లకు నక్షత్రం ఏడు పిక్సెళ్లు సాగుతుంది. కానీ ఆ సాగడం తూర్పు-పడమరలుగా, జంట మాత్రం దాదాపు ఉత్తర-దక్షిణాలుగా. కాబట్టి రెండు గీతలు పక్కపక్కనే పోతాయి తప్ప ఒకదాని మీద ఒకటి పడవు.

నాలుగో అడుగు: పోలిక తార. అసలు ఆట ఇక్కడే

థీటా-2 ఎంత వెలిగిందో విడిగా చెప్పడం ఎవరివల్లా కాదు. పక్కనున్న నిలకడ తారతో పోల్చి చెప్పడమే. ఎవరితో పోల్చాలన్నది ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

మొదటి శీతకాలంలో నేను ఎప్సిలాన్ టారిని ఎంచుకున్నాను. ‘వి’లో రెండో కొమ్మ చివర ఉంటుంది, మాగ్నిట్యూడ్ 3.53, థీటా-2కు బాగా దగ్గర. (నక్షత్ర గుచ్ఛాల్లో మొదటి గ్రహాన్ని కనుగొన్నది దీని చుట్టూనే, 2007లో. ఆ మోజు కూడా కొంత ఉండిందేమో.) మూడు గంటలు చిత్రాలు తీశాను. గ్రాఫు గీస్తే నున్నగా, అందంగా వంపు తిరిగిన గీత, మార్పు 0.05 మాగ్నిట్యూడ్ పైనే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అర్ధరాత్రే నోటుపుస్తకంలో ‘స్పందన దొరికింది’ అని రాసుకున్నాను. మర్నాడు అదే చిత్రాల్లో ‘వి’ మొనలో ఉన్న గామా టారిని థీటా-2 స్థానంలో పెట్టి చూశాను. అదే వంపు. గామాలో అంత స్పందన ఉండదు. అంటే నేను కొలిచింది నక్షత్రాన్ని కాదు, గాలిని.

ఏం జరిగిందో లెక్క వేస్తే ఇలా తేలింది. నెత్తిమీద ఉన్న తార కాంతి దాటే గాలి మందాన్ని ఒకటి అనుకుంటే, దిగంతం నుంచి 30 డిగ్రీల ఎత్తులో అది రెండు. ఆ ఎత్తులో నాలుగు డిగ్రీల ఎగువ, దిగువ తేడాతో ఉన్న రెండు తారల గాలి మందంలో దాదాపు 0.24 తేడా వస్తుంది. ఒక్కో వాయుమందానికి కాంతి 0.25 మాగ్నిట్యూడ్ తగ్గుతుందనుకుంటే, ఆ జంటకు 0.06 తేడా గాలి వల్లే పుడుతుంది. థీటా-2 పూర్తి ఊపుకు దాదాపు సమానం! పైగా రాశి పడమటికి వాలేకొద్దీ అది మెల్లగా మారుతుంది కాబట్టి అచ్చం నక్షత్ర స్పందనలా కనిపిస్తుంది. అదే 60 డిగ్రీల ఎత్తులో ఈ తప్పు 0.012కు దిగుతుంది.

దీనికి మందు పక్కనే ఉంది, థీటా-1. మాగ్నిట్యూడ్ 3.84. అయిదున్నర ఆర్క్‌నిమిషాల ఎడానికి, 30 డిగ్రీల ఎత్తులో కూడా గాలి తేడా 0.0015ను దాటదు. పల్చని మబ్బు వచ్చినా రెండింటినీ దాదాపు ఒకేలా కప్పుతుంది. ఒక్కటే లోపం, ఇందాక చెప్పిన రంగు. గాలి నీలపు కాంతిని ఎక్కువ చెదరగొడుతుంది కాబట్టి, దిగంతానికి దిగేకొద్దీ తెల్ల తార పసుపు తారకన్నా కాస్త ఎక్కువ నష్టపోతుంది. ఆకుపచ్చ పిక్సెళ్లను మాత్రమే వాడితే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది. మిగిలినది నెమ్మదైన ఏటవాలు గీతగా కనిపిస్తుంది, గంటన్నరకు తిరిగే అలగా కాదు.

కాబట్టి నా పద్ధతి ఇది: థీటా-1 పోలిక తార. గామా (3.65), దానికీ ఎప్సిలాన్‌కూ మధ్య ఉన్న డెల్టా-1 (3.77), ఎప్సిలాన్ మూడూ తనిఖీ తారలు. ప్రతి రాత్రి తనిఖీ తారలను కూడా థీటా-1తో పోల్చి గ్రాఫు గీయాలి. థీటా-2 గీత ఊగుతూ, వాటి గీతలు అడ్డంగా పడుకుని ఉంటేనే మాట్లాడాలి. రోహిణిని పోలికకు వాడవద్దు. అది పొంగిపోతుందన్నది ఒక కారణమైతే, దాని వెలుగు కూడా కొద్దికొద్దిగా మారుతుందన్నది రెండోది.

అయిదో అడుగు: రాత్రి పని

రాశి 45 డిగ్రీల ఎత్తుకు చేరాక మొదలుపెట్టి, మళ్లీ అంత ఎత్తుకు దిగేదాకా తీయండి. ఒక ఆవర్తనం 109 నిమిషాలు కాబట్టి కనీసం నాలుగు గంటలు లేకపోతే రెండు పూర్తి అలలు చూడలేరు. ఒకే అల చూసి నమ్మడం కష్టం. చంద్రుడు నెలకోసారి వృషభం గుండా పోతాడు, ఆ రెండు మూడు రాత్రులు సెలవు.

మొదలుపెట్టే ముందు కెమెరా గడియారాన్ని సెకను దాకా సరిచేయండి. చిత్రాలు ఆటోమేటిక్‌గా ఒకదాని వెంట ఒకటి రావాలి, నిమిషానికి ఎనిమిది చొప్పున. ఎందుకన్ని? చిన్న లెన్సు గుండా చూస్తే నక్షత్రం మిణుకుమిణుకుమనడమే కొలతలో అతి పెద్ద గజిబిజి. మూడు సెంటీమీటర్ల ముఖం ఉన్న లెన్సుతో 5 సెకన్ల చిత్రంలో థీటా జంట తేడా ఒక్కో చిత్రానికీ 0.02 దాకా ఎగిరిపడుతుంది. ఏ ఒక్క చిత్రమూ మీకు ఏమీ చెప్పదు. అయిదు నిమిషాల్లో తీసిన 40 చిత్రాలను సగటు చేస్తే ఎగుడుదిగుడు 0.003కు తగ్గుతుంది. అప్పుడు ఒక ఆవర్తనానికి ఇరవైకి పైగా నమ్మదగిన చుక్కలు వస్తాయి.

మంచు విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకోండి. లెన్సు మీద తేమ చేరుతున్నట్టు తెరమీద తెలియదు, బిళ్లల చుట్టూ సన్నటి పొగ చేరుతుంది, అంతే. లెన్సుకు వెచ్చదనం ఇచ్చే పట్టీ ఉంటే కట్టండి, లేకపోతే అరగంటకోసారి టార్చి వెలుగును పక్కనుంచి వేసి గాజును చూడండి.

ముగిశాక మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో ఇరవై చీకటి చిత్రాలు తీయండి. తర్వాత ఫోకస్ కదల్చకుండా, సమంగా వెలిగే తెల్లటి తెర లేదా తెల్లవారుతున్న ఆకాశం వైపు పెట్టి ఇరవై సమతల చిత్రాలు తీయండి. లెన్సు అంచుల చీకటిని, సెన్సరు మీది దుమ్మును సరిదిద్దేవి ఇవే. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు ఎగ్గొట్టాలనిపించేవి కూడా ఇవే.

ఆరో అడుగు: కొలత

ఆస్ట్రోఇమేజ్‌జే, సిరిల్ రెండూ ఉచితమే, ఏదైనా వాడుకోండి. చీకటి, సమతల సవరణలు చేశాక ఆకుపచ్చ పిక్సెళ్లను విడదీయండి. రంగుల చిత్రంగా మార్చవద్దు. ఆ మార్పిడిలో పక్క పిక్సెళ్ల విలువలు కలిసిపోతాయి. ప్రతి తార చుట్టూ బిళ్లకన్నా కాస్త పెద్ద వలయం వేసి లోపలి మొత్తాన్ని కూడి, బయటి వలయంలోని ఆకాశపు వెలుగును తీసివేస్తుంది సాఫ్ట్‌వేర్. థీటా-2 బయటి వలయంలోకి థీటా-1 చొరబడకుండా చూసుకోవడం మీ బాధ్యత.

ఒక ఉదాహరణ. ఒక అయిదు నిమిషాల సగటులో థీటా-2కు 2,49,800, థీటా-1కు 1,63,500 వచ్చాయనుకుందాం. నిష్పత్తి 1.528. దాని సంవర్గమానాన్ని (ఆధారం 10) 2.5తో గుణిస్తే 0.460. థీటా-1 మాగ్నిట్యూడ్ 3.84 నుంచి తీసేస్తే థీటా-2 విలువ 3.380. మరో యాభై నిమిషాలకు అవే లెక్కలు 2,43,700, 1,62,800 అయ్యాయి. నిష్పత్తి 1.497, తేడా 0.438, మాగ్నిట్యూడ్ 3.402. థీటా-1 అరశాతం కన్నా తక్కువ తగ్గితే థీటా-2 రెండున్నర శాతం తగ్గింది. ఆ అరశాతం గాలిది. మిగిలిన 0.022 నక్షత్రానిది కావచ్చు. తనిఖీ తారల గీతలు చూశాక ‘కావచ్చు’ను కొట్టేయండి.

ఈ 3.380 మీ కెమెరా ఆకుపచ్చ రంగులో వచ్చిన విలువ, ప్రామాణిక వి పట్టీ (ఖగోళ శాస్త్రజ్ఞులు వాడే పసుపుపచ్చ వడపోత) విలువతో అచ్చంగా సరిపోదు. స్పందనను చూడటానికి అది అడ్డు కాదు. ఎక్కడున్నామన్నది కాదు, ఎంత కదిలామన్నదే ఇక్కడ లెక్క.

ఏడో అడుగు: గ్రాఫును నిలదీయడం

సమయాన్ని జూలియన్ దినంలోకి (తేదీలకు బదులు రోజులను వరసగా లెక్కించే పద్ధతి) మార్చి, మాగ్నిట్యూడ్‌ను తలకిందులుగా, అంటే చిన్న సంఖ్య పైన ఉండేలా, గీయండి. అల కనిపిస్తే సంతోషించే ముందు కొన్ని ప్రశ్నలు. అల మలుపులు మీరు కెమెరాను సరిచేసిన సమయాలతో కలుస్తున్నాయా? కలిస్తే సమతల సవరణ సరిగా లేదు. ముడి లెక్కల్లో థీటా-1 హఠాత్తుగా పడిపోయిన చోటే థీటా-2 కూడా మలుపు తిరిగిందా? అక్కడ మబ్బో మంచో ఉంది, ఆ ముక్కను తీసేయండి. గీత మొత్తం ఒక వైపుకు వాలి ఉందా? అది రంగు తేడా తెచ్చిన వాలు, దానికో సరళరేఖ గీసి తీసివేయవచ్చు.

ఇవన్నీ దాటాక కూడా ఒక రాత్రి అల స్పష్టంగా ఉండి, మరో రాత్రి దాదాపు చదునుగా ఉండవచ్చు. మీ తప్పు వెతుక్కోవద్దు, ఈ నక్షత్రం స్వభావమే అంత. దాని ముఖ్య కంపనాలు రోజుకు 13, 14 సార్ల చుట్టుపక్కల గుంపుగా ఉంటాయి. రెండు కలిసొచ్చిన రాత్రి అల లేస్తుంది, ఎదురైన రాత్రి చల్లారుతుంది. దాదాపు ఒకే శ్రుతిలో ఉన్న రెండు తీగలను కలిపి మీటితే ధ్వని పెరుగుతూ తగ్గుతూ వినిపించడం గుర్తుచేసుకోండి.

ఎనిమిదో అడుగు: కంపనాలను విడదీయడం

ఇక్కడి నుంచి ఓపిక ఉన్నవారికే. పీరియడ్04 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికోసమే పుట్టింది. రాసినవారు వియన్నాకు చెందిన పాట్రిక్ లెంజ్, మిచెల్ బ్రెగర్. ఇదే థీటా-2 కంపనాలను విడదీయడానికి ఏళ్ల తరబడి శ్రమించినవారిలో బ్రెగర్ ముఖ్యుడు. ఆయన చేతి పనిముట్టుతో ఆయన నక్షత్రాన్నే చూడటం నాకెందుకో ముచ్చటగా ఉంటుంది.

రెండు హద్దులు తెలుసుకోండి. రెండు కంపనాలు విడిగా కనిపించాలంటే, వాటి పౌనఃపున్యాల తేడాతో ఒకటిని భాగిస్తే వచ్చినన్ని రోజుల పాటైనా పరిశీలన సాగాలి. రోజుకు 13.2, 13.7 సార్ల కంపనాలను విడదీయడానికి కనీసం రెండు రోజుల వ్యవధి కావాలి, ఆచరణలో వారం పెట్టుకోండి. ఇంకా దగ్గరి జంటలకు వారాలు పడతాయి. రెండో హద్దు పగలు. మీరు రాత్రే చూస్తారు కాబట్టి, పీరియడ్04 గీసే పౌనఃపున్యాల గ్రాఫులో ప్రతి నిజమైన శిఖరానికి ఇరువైపులా, రోజుకు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ దగ్గర నకిలీ శిఖరాలు లేస్తాయి. 13.7 నిజమైతే 12.7, 14.7 కూడా దర్శనమిస్తాయి. ఎత్తు తేడా స్వల్పంగా ఉంటే ఏది అసలో తేల్చడం కష్టం. వేరే రేఖాంశంలో ఉన్న మరో పరిశీలకుడి రాత్రులు కలిస్తే నకిలీలు కుంగిపోతాయి. బ్రెగర్ బృందం వియన్నా నుంచి వివిధ దేశాల టెలిస్కోపులను కలిపి డెల్టా స్కూటి నెట్‌వర్క్ నడిపింది అందుకే.

అంతరిక్షం నుంచైతే పగలూ ఉండదు, గాలీ ఉండదు. 1999లో ప్రయోగించిన వైర్ ఉపగ్రహం పరారుణ టెలిస్కోపు శీతలీకరణ ద్రవ్యాన్ని కోల్పోయి పనికిరాకుండా పోయింది. దిశ తెలుసుకోవడానికి పెట్టిన చిన్న నక్షత్ర కెమెరా మాత్రం మిగిలింది. ఆ కెమెరాతో 2000లో థీటా-2ను కొలిచారు. దాని ముఖం 52 మిల్లీమీటర్లే. మీ చేతిలోని లెన్సు దానికంటే మరీ చిన్నదేమీ కాదు.

నెలల తేడాతో తీసిన రాత్రులను కలిపేటప్పుడు ఒక సవరణ తప్పనిసరి. భూమి తన కక్ష్యలో అటూ ఇటూ పోతుంటే థీటా-2 కాంతి మనకు ఎనిమిది నిమిషాల దాకా ముందో వెనకో చేరుతుంది. 109 నిమిషాల అలలో అది చిన్న తప్పు కాదు. సమయాన్ని సూర్యకేంద్రానికి మార్చే సదుపాయం ఆస్ట్రోఇమేజ్‌జేలో ఉంది. ఆ పైన నక్షత్రం కూడా తన జతగాడి చుట్టూ తిరుగుతూ మనకు దగ్గరవుతూ, దూరమవుతూ ఉంటుంది. ఎన్నో శీతకాలాల కొలతలు పోగైనప్పుడు 140.7 రోజుల ఆ నడక కూడా అల సమయాల్లో నీడలా తొంగిచూస్తుంది. అంతదాకా వెళ్లాలంటే కెమెరా గడియారం ప్రతి రాత్రీ కచ్చితంగా ఉండాలి.

థీటా-2 చేతికొచ్చాక

కొలతలను అమెరికన్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్ల సంఘానికి పంపవచ్చు. 1911లో మొదలైన ఆ సంఘం ప్రపంచంలో ఎవరి కొలతలైనా స్వీకరిస్తుంది. తనిఖీ తార విలువ కూడా అడుగుతుంది, మీ దగ్గర అది ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. రంగు గడిలో ఆకుపచ్చ చానల్ అని రాయండి, ప్రామాణిక వి అని రాయవద్దు.

తర్వాతి లక్ష్యాలు మీ పాత చిత్రాల్లోనే ఉండవచ్చు. రో టారి (4.65), అప్సిలాన్ టారి (4.28) రెండూ అదే గుచ్ఛంలోని తెల్ల నక్షత్రాలు, రెండూ డెల్టా స్కూటి రకమే. వాటి ఊపు థీటా-2 కన్నా చిన్నది, వెలుగు కూడా తక్కువ. పైగా వాటి పక్కన థీటా-1 లాంటి పోలిక తార లేదు. గాలి లెక్కను ఈసారి చేత్తో వేసుకోవాలి.